మెగ్గరు ముల్లు

నా పేరు వింటే ఎవరో పాతకాలపు దొర పేరనుకుంటారేమో. కాదు. నేను ఒక మెగ్గర్ని. ఎలక్ట్రిషియన్లకు తప్ప మరొకరికి నాతో పనిపడదు గనుక నేనెవరో మీకు తెలియకపోవడంలో మీ తప్పేమీ లేదు. నల్లగా, బరువుగా, ఒక పెద్ద టిఫిను డబ్బా అంత ఉంటాను. పక్కన మడిచిపెట్టుకునే హ్యాండిలు, పైన గాజు కింద సన్నటి ముల్లు, వైర్లు తగిలించడానికి రెండు మరలు. ఇంతే నా ఆకారం.

కరెంటు తీగల మీదుండే తొడుగు ఎక్కడైనా చిట్లిందా, కరెంటు పక్కదారి పట్టే సందు ఎక్కడైనా ఉందా అని కనిపెట్టడం నా ఉద్యోగం. మెయిన్ కట్టేసి, నా వైరు ఒకటి తీగకూ రెండోది ఎర్తుకూ పట్టించి హ్యాండిలు గిరగిరా తిప్పితే నాలోనే ఐదువందల వోల్టులు పుడతాయి. తొడుగు గట్టిగా ఉంటే ముల్లు అనంతం గుర్తు దాకా వెళ్ళి నిలబడుతుంది. చిల్లుంటే సున్నా దగ్గర చతికిలబడుతుంది. సున్నా చూపించిన ప్రతిసారీ, తిప్పినవాడు మొదట చేసే పని వేలి కణుపుతో నా నెత్తిన టకటకా కొట్టడం. నచ్చని జవాబు చెప్పినవాడికి మతి చెడిందేమోనన్న అనుమానం మనుషులకు ఎంత తొందరగా వస్తుందో నా నెత్తికి బాగా తెలుసు.

నేను పుట్టింది బొంబాయిలో. నా ముల్లు బిగించినామె కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, పట్టకారుతో దాన్ని పట్టుకుని, అది కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టింది. ఆ తరువాత నన్ను గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీకి పంపారు. అక్కడి ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ హుస్సేను సాహెబు చేతిలో నా యవ్వనమంతా గడిచింది. చెరకు బళ్ళు రాకముందే ఆయన ప్రతి మోటారు దగ్గరా కూర్చుని నన్ను తిప్పేవాడు. వానాకాలమంతా తడిసి పడుకున్న మోటార్లు నాకు ఏం చెప్పుకునేవో మీకు చెబితే నవ్వుతారు. కొన్ని రోగాలు దాచుకునేవి, కొన్ని లేని రోగాలు చూపించేవి. ఎండలో ఆరబెట్టి మళ్ళీ అడిగితే నిజం చెప్పేవి. కొంతకాలానికి బ్యాటరీతో నడిచే అంకెల మెగ్గరొకటి వచ్చి నా చోట కూర్చుంది. నన్ను పాతసామాన్ల వేలంలో తుప్పు బోల్టులతో కలిపి అమ్మేశారు. హుస్సేను సాహెబు ఆ సామాన్లు కొన్నవాడి వెంటపడి నన్ను విడిపించుకుని, తన దగ్గర పని నేర్చుకుంటున్న జోసఫు రాజు చేతిలో పెట్టాడు.

అలా నేను నిడదవోలు చేరాను. నేను చెప్పదలచుకున్న సంగతి అక్కడిదే.

కొల్లాబత్తుల జోసఫు రాజు మాటకారి కాదు. పని మొదలుపెట్టబోయే ముందు మెయిన్ దించి, దాని మీద "వెయ్యొద్దు" అని రాసిన అట్టముక్క కట్టి, అయినా టెస్టరు పెట్టి చూసుకుని, అప్పుడు గానీ తీగ ముట్టుకోడు. ఆయన భార్య దయామణి మాట్లాడకుండా ఉండలేని మనిషి. పెళ్ళికూతుళ్ళను అలంకరించడంలో ఆమెకు మంచి పేరు. ఇన్నాళ్ళూ ఇళ్ళకు తిరిగి చేసిన ఆ పనిని ఒకచోట పెట్టుకోవాలని స్టేషను రోడ్డులో, గాజుల కొట్టు మీద గది ఒకటి అద్దెకు తీసుకుంది. నెత్తిన శ్లాబు, మిట్టమధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. అందుకని దాని కింద జిప్సం సీలింగు వేయించి, అందులో లైట్లు పొదిగించి, వెలుగు నీడ పడకుండా మొహం మీదికి దిగేలా చేయించాలని ఆమె కోరిక.

సీలింగు పని ఆమె తమ్ముడు ఆశీర్వాదానిది. జిప్సం షీట్లు బిగించడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. రెండు షీట్ల మధ్య అతుకు ఎక్కడుందో కట్టినవాడు తప్ప మరొకడు చూపించలేడు. కరెంటు పని జోసఫుది. ఇల్లంతా ఒక్కచోటే పని చేస్తోందని దయామణి చుట్టాలందరికీ చెప్పుకుంది. బావా బావమరుదులు పండగకి ఒకే కంచంలో తినేవాళ్ళు గానీ ఒకే నిచ్చెన కింద పని చేయడం ఇదే మొదలు. పండగ వేరు, నిచ్చెన వేరు అని రెండో రోజుకే తెలిసింది. ఆశీర్వాదానికి తొందర. జోసఫుకి నిదానం. ఒకడు అద్దం ముందు లైటుకి కన్నం కోస్తుంటే, రెండోవాడు అక్కడ పైన షీట్లు మోసే ఇనప చానలుందా లేదా చూశావా అంటాడు. కోసినచోట చానలు తగిలితే మొదటివాడికి చిరాకు, తగలకపోతే రెండోవాడి మీద విసుగు.

మధ్యలో దయామణి. అద్దం మీది లైటు ఇంకొంచెం ఇటు జరగాలంది. కుర్చీలో కూర్చుని చూసి, లేదు, ఇంకొంచెం అంది. జోసఫు పైపులో వేసిన వైరుని కట్టు విప్పి జరిపాడు.

ప్రారంభం ఆదివారం, చర్చి ఆరాధన అయ్యాక. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తారు. సాయంత్రానికే మొదటి పెళ్ళికూతురు. అప్పటికే పిలుపులన్నీ అయిపోయాయి. శుక్రవారం జోసఫు లైట్లు తేవడానికి రాజమండ్రి వెళుతూ, "నేనొచ్చి చూసేదాకా మూయకురా" అని చెప్పాడు. రంగులేసేవాళ్ళు మెట్ల మీద కాచుకుని కూర్చున్నారు. ఆశీర్వాదం మూసేశాడు. వాళ్ళు రంగు కూడా వేసేశారు.

శనివారం పొద్దున జోసఫు నన్ను సంచిలోంచి తీశాడు. లైట్ల వెనక చిన్న చిన్న డబ్బాలుంటాయి, డ్రైవర్లంటారు. నా ఐదువందల వోల్టులకు అవి తట్టుకోలేవు. అందుకని ఆయన లైటేదీ ఇంకా తగిలించలేదు. కన్నాల్లోంచి తీగల కొసలు విడివిడిగా వేలాడుతున్నాయి. నా ఒక వైరు తీగకి, ఒకటి ఎర్తుకి పట్టించి తిప్పాడు.

నా ముల్లు సున్నా మీద కూర్చుంది.

ఊహించినట్టే నెత్తిన టకటకా కొట్టాడు. మళ్ళీ తిప్పాడు. సున్నా.

"ఏవైంది బావా?" అన్నాడు గుమ్మంలోంచి ఆశీర్వాదం.

"సున్నా."

"ఏది సున్నా?"

"నీ సీలింగు."

"నా సీలింగుకేవైంది? కరెంటు పని నీది. నా సీలింగులో కరెంటుండదు."

"ఇప్పుడుంటది" అన్నాడు జోసఫు. "మూయొద్దన్నానా లేదా?"

"రంగోళ్ళు కూకున్నారు బావా. నువ్వేమో సాయంత్రందాకా రానన్నావు. వాళ్ళని పంపేత్తే మళ్ళీ ఎవరొత్తారు?"

"నేను చెప్పింది నీకు లెక్కలేదన్నమాట."

"నీ వైర్లలో లోపం నా మీద పెడతన్నావన్నమాట."

అక్కడితో ఇద్దరూ మాటలాపేశారు. అరుచుకున్నా బాగుండేది. ఒకడు ఆ గోడకేసి, ఒకడు ఈ గోడకేసి తిరిగి నిలబడ్డారు. దయామణి కొత్త టవళ్ళ కట్ట చంకలో పెట్టుకుని ఇద్దరి మధ్యా చూసింది. "రేపు పాస్టరుగారొచ్చే టయానికి కొవ్వొత్తులు పెట్టుకోమంటారా ఏంటి నన్ను?" అంది. నవ్విద్దామనుకుంది గానీ ఎవరూ నవ్వలేదు.

ఆశీర్వాదం ఆలోచించాడు. అతను తెలివితక్కువవాడు కాడు. సీలింగు మోసే ఇనప చానళ్ళకు జోసఫు ఒక పచ్చ వైరు బిగించి ఎర్తుకి కలిపిన సంగతి అతనికి గుర్తుంది. నిచ్చెనెక్కి కన్నంలో చెయ్యిపెట్టి ఆ పచ్చ వైరు విప్పేశాడు. దిగివచ్చి, బావ వంక చూడకుండా, నన్ను తనే తిప్పాడు.

నా ముల్లు లేచింది. నెమ్మదిగా కాదు, ఒక్క ఊపున అనంతం దాకా పోయి నిలబడింది.

"లేచిందక్కా! చూడు, లేచింది! ఆ పచ్చ వైరే గొడవ. దాన్నొదిలేత్తే సరి."

దయామణి టవళ్ళు కుర్చీలో పడేసి "అమ్మయ్య! దేవుడికి స్తోత్రం" అంది.

ఎవరూ నన్నడగలేదు గానీ, ఆ క్షణంలో నాకున్నంత సిగ్గు ఎవరికీ ఉండదు. నేను చెప్పింది అబద్ధం కాదు. ఎర్తుకి చేరే దారి తెంపేసి, ఎర్తుకి చేరుతోందా అని అడిగితే, చేరడం లేదనే చెప్పాలి. తీగ మాత్రం ఇంకా ఆ ఇనుముకి తగులుతూనే ఉంది. ఇప్పుడు స్విచ్చి వేస్తే లైట్లన్నీ చక్కగా వెలుగుతాయి. ఫ్యూజు పోదు, బ్రేకరు పడదు. సీలింగులోని ఇనుమంతా కరెంటుతో నిండి, నిశ్శబ్దంగా, ఎవరో ఒకరు తాకేదాకా కాచుకుని ఉంటుంది. నాకు నోరు లేదు, ముల్లొక్కటే ఉంది. ఆ ముల్లు నవ్వుతున్నట్టు నిలబడి ఉంది.

జోసఫు బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చున్నాడు. ఆయనకూ ఆశ పుట్టలేదని నేననను. ఆ పచ్చ వైరు మళ్ళీ తగిలించకపోతే చాలు, గొడవలేదు. భార్య మొహం వెలిగిపోతోంది. రంగు ఆరిపోయింది. ఆయన చెయ్యి నా హ్యాండిలు మీదికి వచ్చి, వెనక్కి పోయి, మోకాలి మీద ఆగింది. ఆ తరువాత లేచి దయామణిని దగ్గరికి రమ్మన్నాడు.

"ఇక్కడ నిలబడు. రోజంతా నువ్వు నిలబడేది ఇక్కడే కదా?"

"అవును."

"ఎడం చెయ్యి అద్దం ఫ్రేము మీదెట్టు. కుడి చెయ్యి ఆ బేసిను పంపు మీదెట్టు."

ఆమె పెట్టింది. ఆ అద్దం నిలువెత్తు అద్దం. గోడ ఆగదని ఆశీర్వాదమే దాని స్టీలు ఫ్రేముని రాడ్లతో పైనున్న చానళ్ళకి వేలాడదీశాడు. తల కడిగే బేసిను పక్కనే.

"తడి చేతులు" అన్నాడు జోసఫు.

దయామణి రెండు చేతులూ ఒక్కసారిగా వెనక్కి లాక్కుంది, మెయిన్ కట్టేసి ఉందని తెలిసినా.

ఆశీర్వాదం గొంతు తగ్గింది. "ఆ కొత్త బ్రేకరెట్టావు కదా బావా. షాకు కొడితే అదే పడిపోద్దన్నావు."

"పడుద్ది. అది ఆఖరి అడ్డం. ముందున్నయ్యన్నీ మనం తీసేసి, దానొక్కదాని మీద మీ అక్కని ఒదిలేద్దావంటావా?"

ఆశీర్వాదం నిచ్చెనెక్కి, విప్పిన పచ్చ వైరుని మళ్ళీ తనే బిగించాడు. బిగించాక దిగలేదు. "ఇప్పుడేం చెయ్యమంటావు చెప్పు" అన్నాడు పైనుంచి. అది ఆ పొద్దుటి నుంచి అతను బావతో సూటిగా అన్న మొదటి మంచి మాట.

జోసఫు కన్నం కన్నం దగ్గరా తీగలు విడదీసి, ఒక్కో ముక్కనే నాకు చూపించాడు. గుమ్మం వైపువన్నీ బాగున్నాయి. అద్దానికీ బేసినుకీ మధ్య ముక్కలో ముల్లు పడిపోయింది. రోగం ఎక్కడో తెలిసింది. షీటు బిగించిన మరమేకు ఏదో తీగలోకి దిగి ఉంటుంది, అది ఏ మేకో తెలియాలి. జిప్సం షీటుని చానలుకి పట్టి ఉంచేవి మేకులే, అవి రంగు కింద ఎక్కడున్నాయో ఆశీర్వాదానికొక్కడికే తెలుసు. కళ్ళు మూసుకుని చెప్పగలడు. జోసఫు తిప్పడానికి, ఆశీర్వాదం మేకులు విప్పడానికి, ముల్లు చూడడానికి దయామణి. ఆ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు, దానంతటదే జరిగిపోయింది.

"ముందు ఆపుతా, నువ్వు విప్పు, మళ్ళీ తిప్పుతా" అన్నాడు జోసఫు. పైనున్నవాడి వేలు తగిలితే నేను కూడా కరుస్తాను మరి.

"ఇది?" అనేవాడు ఆశీర్వాదం.

జోసఫు తిప్పేవాడు. దయామణి నా గాజు మీద ముక్కు ఆనించి, "లేదు" అనేది.

"ఇదో?"

"లేదురా."

"ఇదీ?"

"కదల్లేదు. ఆ పక్కది చూడు."

అలా చెమటలు కక్కుతూ ఒక వరస అయిపోయింది. రెండో వరసలో, బేసినుకి కాస్త ఇవతల, ఒక మేకు మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరిగి తిరిగి గానీ బయటికి రాలేదు. జోసఫు తిప్పాడు.

దయామణి పెట్టిన కేక కింద గాజుల కొట్టు దాకా వినిపించింది. కొట్టామె ఏం కొంప మునిగిందోనని చెప్పులు కూడా లేకుండా మెట్లెక్కి వచ్చి చూస్తే, పార్లరావిడ ఒక నల్ల డబ్బాని రెండు చేతులా పట్టుకుని ముద్దుపెట్టుకుంటోంది. ఏమీ అర్థంకాక ఆమె కిందికి దిగిపోయింది.

ఆశీర్వాదం ఆ మేకుని అరచేతిలో పెట్టుకుని చూశాడు. పొడుగు మేకు. పొట్టివి అయిపోతే సంచి అడుగున దొరికింది బిగించేశాడు. తలెత్తలేకపోయాడు. జోసఫు నిచ్చెనెక్కి కన్నంలోంచి టార్చి వేసి చూశాడు. ఆయన మొహం కూడా మారింది. పైపు శ్లాబుకి కట్టి ఉండాల్సింది, జారి చానలు మీద పడుకుని ఉంది. లైటు జరపడానికి కట్టు విప్పినవాడు మళ్ళీ కట్టలేదు. విప్పింది తనే.

"నేను కట్టలేదురా" అన్నాడు.

"నేను పొడుగుదేశాను బావా" అన్నాడు అతను.

దయామణి ఇద్దర్నీ చూసి, "ఆ లైటు జరపమంది నేనే కదా" అని ముందుగా తనే నవ్వింది. ఆ నవ్వు మెల్లగా మిగతా ఇద్దరికీ అంటుకుంది.

మేకు తీసేశాక నా ముల్లు హాయిగా నిలబడి ఉంది, పచ్చ వైరు బిగించి ఉండగానే. అక్కడితో సరిపెట్టుకోవచ్చు. విప్పిన మేకులు బిగించి ఆ కన్నాలు పూడిస్తే చాలు. జోసఫు మెరిసే ఆ సీలింగు వంక చూశాడు, ఆరిన రంగు వంక చూశాడు. బావమరిది చేసిన పనిని పగలగొట్టమని చెప్పే ధైర్యం పొద్దున కోపంలో ఉంది గానీ ఇప్పుడు లేదు.

ఆశీర్వాదం తన సంచిలోంచి కత్తి తీశాడు. "ఏంటలా చూత్తావు? చిల్లుపడ్డ వైరుని లోపలెట్టి నా షీటు ఎలా మూయమంటావు?" అని, కొలత కూడా తీసుకోకుండా చానలు వెంట గీటు గీసి, షీటు ముక్కని కిందికి దించేశాడు. తెల్లటి పొడి ముగ్గురి నెత్తినా పడింది. దానితోపాటు ఒక థర్మోకోల్ పలక కూడా దిగివచ్చింది. అక్క వేడి, వేడి అంటోందని అతను దాన్ని సరిగ్గా లైట్లు వచ్చే చోటే కప్పిపెట్టాడు.

"ఇదెప్పుడెట్టావురా?" అన్నాడు జోసఫు.

"చల్లగా ఉంటదని..."

"అక్కకి చల్లగానే ఉంటది. లైటు ఉడికిపోద్ది. దానికీ గాలాడాలి. చుట్టూ ఖాళీ ఒదిలి మిగతా చోటల్లా వేసుకో."

అతను పలకలకు లైట్ల చుట్టూ వెడల్పుగా ఖాళీ కోసి వేశాడు. జోసఫు దెబ్బతిన్న తీగని టేపుతో కప్పిపెట్టకుండా, లైటు నుంచి లైటు దాకా అతుకు లేని కొత్త తీగ లాగాడు. అతుకులన్నీ కన్నం దగ్గరే, చెయ్యి పెడితే అందేచోట, మూత ఉన్న పెట్టెల్లో పెట్టాడు. ఇద్దరూ కలిసి పైపుని శ్లాబుకి కట్టారు. కట్టాక ఆశీర్వాదం దాన్ని పట్టుకుని ఊపి చూశాడు. అప్పుడు నన్ను తిప్పారు. ముల్లు ఎక్కడ నిలవాలో అక్కడ నిలిచింది. షీటు మూసి, లైట్లు తగిలించి, మెయిన్ ఎత్తి, బ్రేకరు మీదున్న పరీక్ష బొత్తం నొక్కితే అది టక్కున పడింది. మళ్ళీ ఎత్తి స్విచ్చి వేశారు. సాయంత్రపు గదిలోకి వెలుగు పాలు పోసినట్టు దిగింది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. జిప్సం పొడికి జుట్లు తెల్లబడి ముసలివాళ్ళలా ఉన్నారు. అద్దం ముందు నిలబడి మరీ నవ్వుకున్నారు.

అతికిన చోట రంగు కలవలేదు. ఆదివారానికి కూడా బేసిను పైన చాపంత మచ్చ కనిపిస్తూనే ఉంది. ఆశీర్వాదం దానికేసి చూసి చూసి బాధపడుతుంటే దయామణి, "ఇక్కడికొచ్చినోళ్ళు వాళ్ళ మొహాలు చూసుకుంటారు గానీ నీ సీలింగెవడు చూత్తాడ్రా" అంది. పాస్టరుగారు ప్రార్థన బాగా పొడుగ్గా చేశారు, లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. సాయంత్రం పెళ్ళికూతురు వచ్చి అద్దం ముందు కూర్చుంది. హడావిడిలో నన్ను ఎవరో క్రీముల సీసాల మధ్య అలమరలో పెట్టేశారు. పెళ్ళికూతురి మేనత్త నన్ను చేతిలోకి తీసుకుని, హ్యాండిలు ఇటూ అటూ తిప్పి, "ఇది జుట్టు రింగులు తిప్పే మిషనా అమ్మా?" అని అడిగింది. దయామణి పరుగున వచ్చి నన్ను లాక్కుంది.

ఆ తరువాత కొన్నాళ్ళకు ఆశీర్వాదం ఇంటికి వచ్చాడు. టీ తాగాడు, పిల్లల చదువు అడిగాడు, వెళతానని లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"బావా, నీ మెగ్గరు ఓ రెండ్రోజులు ఇత్తావా?"

"నీకెందుకురా?"

"తాడేపల్లిగూడెంలో పని. అక్కడ కరెంటోడు వేరే ఆయన. ఆయనకాడ లేదంట."

జోసఫు తిప్పే పద్ధతి, ముందు ఏవేవి విప్పాలో, తిప్పేటప్పుడు ఎవరి చేతులూ తీగ మీద ఉండకూడదన్న సంగతి మళ్ళీ ఒకసారి చెప్పి నన్ను ఇచ్చాడు. ఆ రెండ్రోజులు నెలలయ్యాయి. దయామణి భర్తకు అంకెల మెగ్గరు కొత్తది కొనిపెట్టింది. నేను ఆశీర్వాదం సంచిలోనే ఉండిపోయాను, మేకుల డబ్బాలూ జిప్సం కత్తులూ నాకిప్పుడు ఇరుగుపొరుగు. నల్లగా ఉండేవాణ్ణి పొడికి బూడిదరంగు అయిపోయాను. కరెంటు పనివాళ్ళు నన్ను చూసి మొదట మొహం ముడుచుకుంటారు. ఒకరిద్దరు పోట్లాడారు కూడా. ఆశీర్వాదం ఇప్పటికీ తొందరపాటు మనిషే గానీ, ఆఖరి షీటు దగ్గర మాత్రం నిచ్చెన దిగి నా కోసం సంచి వెతుక్కుంటాడు.

మొన్న అత్తిలిలో ఒక ఇంటి యజమాని, పెద్దాయన, వాకిట్లో కుర్చీ వేసుకుని అతను చేస్తున్నదంతా చూసి ఆగలేక అడిగాడు.

"నువ్వు సీలింగువాడివి కదయ్యా. ఇది నీ పని కాదు కదా, నీకెందుకిదంతా?"

"మూసేది నేనేనండీ" అన్నాడు ఆశీర్వాదం. "మూసేశాక మరెవరికీ కనపడదండి."

పెద్దాయన కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరి తలలూ నా గాజు మీదికి వంగాయి. ఆశీర్వాదం హ్యాండిలు పట్టుకున్నాడు.